పాత పీసీకి కొత్త గ్రాఫిక్స్ కార్డు: ఎంపిక, బిగింపు, పరీక్షలపై సమగ్ర మార్గదర్శి

2016లో వచ్చిన జీటీఎక్స్ 1060, ఆ మరుసటి ఏడాది వచ్చిన ఆర్‌ఎక్స్ 580 గ్రాఫిక్స్ కార్డులు ఇప్పటికీ చాలా ఇళ్లలో పనిచేస్తూనే ఉన్నాయి. సెట్టింగులు తగ్గించుకుంటే ఏ ఆటయినా ఎలాగోలా నడుస్తుందన్న ధీమాతో వాటి యజమానులు ఇన్నేళ్లు నెట్టుకొచ్చారు. ఆ వెసులుబాటు ఇప్పుడు తగ్గిపోయింది. 2023లో వచ్చిన ‘అలన్ వేక్ 2’ మెష్ షేడర్లు (దృశ్యంలోని ఆకృతులను వేగంగా గీసే కొత్త పద్ధతి) లేని కార్డుల మీద చాలా నెమ్మదించింది. 2024 డిసెంబరులో వచ్చిన ‘ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్’, 2025 మేలో వచ్చిన ‘డూమ్: ద డార్క్ ఏజెస్’ అయితే కాంతి కిరణాల దారిని లెక్కగట్టి వెలుగునీడలు గీసే రే ట్రేసింగ్‌ను హార్డ్‌వేర్‌లోనే చేయగల కార్డును కనీస అర్హతగా పెట్టాయి. దీనికి తోడు, జీటీఎక్స్ 10 సిరీస్‌కు కొత్త ఆటల కోసం డ్రైవర్లు ఇవ్వడాన్ని 2025 అక్టోబరుతో ఆపి, 2028 అక్టోబరు వరకు భద్రతా సవరణలు మాత్రమే ఇస్తామని ఎన్‌విడియా ప్రకటించింది.

కాబట్టి కార్డు మార్చవలసిన సమయం వచ్చిందనడంలో సందేహం లేదు. అయితే చాలామంది ముందు కార్డును ఎంచుకొని, తరువాత అది తమ పీసీలో ఇమిడేలా తంటాలు పడతారు. వరుస ఇందుకు తలకిందులుగా ఉండాలని నా గట్టి అభిప్రాయం. ప్రాసెసర్, మానిటర్, మదర్‌బోర్డు స్లాట్, ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పెట్టె), క్యాబినెట్ అనే అయిదింటి సంగతి తేలిన తరువాత మిగిలే కార్డులు రెండో మూడో ఉంటాయి. అప్పుడు ఎంపిక దానంతట అదే సులువవుతుంది. మాట గాలిలో ఉండకుండా ఒక నమూనా పీసీని దృష్టిలో పెట్టుకుందాం: రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, 6 జీబీ జీటీఎక్స్ 1060, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్, 1080పీ మానిటర్. 2018, 2019 ప్రాంతంలో ఇలాంటి పీసీని అసెంబుల్ చేయించుకున్నవారు మన దగ్గర ఎందరో ఉన్నారు.

ప్రాసెసర్ ఎంతవరకు తోడొస్తుందో కొలవడం

ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత ప్రోగ్రామును వేసుకుంటే ఆట నడుస్తుండగానే గ్రాఫిక్స్ కార్డు ఎంత శాతం పనిచేస్తోందో, సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో తెర మూలన కనిపిస్తాయి. కార్డు వినియోగం 95 శాతానికి పైగా ఉంటే అడ్డంకి కార్డు దగ్గరే ఉందని అర్థం. అది 60, 70 శాతం దగ్గరే తచ్చాడుతుంటే, ఫ్రేములకు మీరే పరిమితి పెట్టలేదని నిర్ధారించుకున్న తరువాత, ప్రాసెసర్‌ను అనుమానించాలి.

ఇంకా కచ్చితంగా తెలియాలంటే మిగతా సెట్టింగులు ఏవీ కదపకుండా రిజల్యూషన్‌ను మాత్రం 720పీకి గానీ, ఆట అనుమతించే అత్యల్ప స్థాయికి గానీ దించి, అదే చోట, అదే దృశ్యంలో మళ్లీ చూడాలి. ఉదాహరణకు 1080పీలో 45 ఫ్రేములు వస్తున్న చోట 720పీలో 70 వచ్చి అక్కడే ఆగిపోయిందనుకుందాం. కార్డు మీద భారం తగ్గినా అంతకు మించి రాలేదు కాబట్టి, ఆ ఆటలో మీ ప్రాసెసర్ అందించగలిగింది సుమారు 70 ఫ్రేములే. ఎంత ఖరీదైన కార్డు తెచ్చినా ఆ అంకె పెద్దగా పెరగదు. మీది 60 హెర్ట్జ్ మానిటర్ అయితే ఆ 70 చాలు, ప్రాసెసర్ జోలికి వెళ్లనక్కరలేదు. 144 హెర్ట్జ్ మానిటర్ ఉండి, దాన్ని సార్థకం చేసుకోవాలంటే మాత్రం కార్డుకు పెట్టే డబ్బులో కొంత ప్రాసెసర్‌కు మళ్లించాలి. రే ట్రేసింగ్ ప్రాసెసర్ మీద కూడా అదనపు భారం వేస్తుందన్నది ఈ లెక్కలో మరువకూడదు.

నమూనా పీసీ యజమానికి ఇక్కడ అదృష్టం కలిసొస్తుంది. బీ450 బోర్డును మార్చకుండానే రైజెన్ 5 5600, రైజెన్ 7 5700ఎక్స్ వంటి ప్రాసెసర్లను అమర్చుకోవచ్చు. పాత ప్రాసెసర్ స్థానంలో ఉండగానే బోర్డు తయారీదారు వెబ్‌సైటు నుంచి కొత్త బయోస్ (పీసీ మొదలయ్యేటప్పుడు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) దించుకొని అప్‌డేట్ చేయాలి. ఆ తరువాతే కొత్త ప్రాసెసర్ పెట్టాలి. వరుస తప్పితే బోర్డు కొత్త ప్రాసెసర్‌ను గుర్తించదు, తెర వెలగదు.

ర్యామ్‌ను కూడా ఇప్పుడే చూసుకోవడం మంచిది. 16 జీబీ ఒకే స్టిక్‌గా ఉంటే మెమరీ ఒకే ఛానల్‌లో నడుస్తుంది. రెండు 8 జీబీ స్టిక్‌లుగా ఉంటే రెండు ఛానళ్లలో నడిచి, ఆటల్లో తేడా స్పష్టంగా తెలుస్తుంది. స్టిక్ మీద 3200 అని రాసి ఉన్నా బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయకపోతే అంతకంటే తక్కువ వేగంతోనే పనిచేస్తుంటుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే అసలు వేగం కనిపిస్తుంది.

వీర్యామ్, స్లాట్: కార్డును నిర్ణయించేవి ఇవే

1080పీ మానిటర్‌కు 4కే కార్డు అనవసరం. కానీ 1080పీకే కదా అని 8 జీబీ వీర్యామ్ (కార్డు సొంత మెమరీ) ఉన్న కార్డు తీసుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. 2023 నుంచి వస్తున్న పెద్ద ఆటల్లో చాలావాటికి టెక్స్చర్లను హై లేదా అల్ట్రాలో పెట్టి, రే ట్రేసింగ్ కూడా ఆన్ చేస్తే 8 జీబీ చాలడం లేదు. చాలనప్పుడు సగటు ఫ్రేములు బాగానే కనిపిస్తూ, కెమెరా తిప్పగానే ఆట ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. లేదా దగ్గరికి వెళ్లినా గోడల మీది టెక్స్చర్లు మసకగానే ఉండిపోతాయి. కార్డు చిప్‌లో సత్తువ ఉండి కూడా మెమరీ లేక కుంటడమన్నమాట. మిగతా సెట్టింగులన్నీ తగ్గించి సర్దుకోవచ్చు గానీ, వీర్యామ్‌ను తరువాత పెంచుకునే దారి లేదు.

పేర్ల విషయంలో జాగ్రత్త అవసరం. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ రెండూ 8 జీబీ, 16 జీబీ రూపాల్లో ఒకే పేరుతో అమ్ముడవుతున్నాయి. పెట్టె మీద 16 జీబీ అని ఉందో లేదో చూసి, బిల్లులో కూడా ఆ మాట రాయించుకోవాలి. ఆర్‌టీఎక్స్ 5060కు 8 జీబీ, ఇంటెల్ ఆర్క్ బీ580కి 12 జీబీ, ఆర్‌టీఎక్స్ 5070కి 12 జీబీ, ఆర్‌ఎక్స్ 9070కి 16 జీబీ ఉంటాయి.

చాలామంది పట్టించుకోని మరో సంగతి పీసీఐఈ లేన్లు, అంటే కార్డుకూ పీసీకీ మధ్య డేటా నడిచే దారులు. బీ450 బోర్డు ఏ ప్రాసెసర్ పెట్టినా పీసీఐఈ 3.0 వేగానికే పరిమితం. ఆర్‌టీఎక్స్ 5060, 5060 టీఐ, ఆర్క్ బీ580 కార్డులు పొడవాటి స్లాట్‌లో కూర్చున్నా అందులో 8 లేన్లనే వాడుకుంటాయి. పీసీఐఈ 3.0లో 8 లేన్లంటే సెకనుకు సుమారు 8 జీబీ. 16 లేన్లయితే దానికి రెట్టింపు. వీర్యామ్ నిండనంతకాలం ఈ తేడా స్వల్పమే. నిండి, డేటా మామూలు ర్యామ్‌లోకి పొర్లినప్పుడు మాత్రం ఆ ఇరుకు దారి వల్లే ఆట కుదుపులకు లోనవుతుంది. అంటే పాత బోర్డులో 8 జీబీ, 8 లేన్ల కార్డు పెట్టడం రెండు విధాలా నష్టం.

ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ పూర్తిగా 16 లేన్లు వాడుకుంటుంది. ఆర్క్ బీ580 మంచి కార్డే అయినా రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ వీర్యామ్‌ను మొత్తంగా ఒకేసారి అందుకునే సదుపాయం) లేకపోతే బాగా నీరసిస్తుంది. ఏఎండీ ఆ సదుపాయానికి అధికారిక మద్దతును రైజెన్ 3000 సిరీస్ నుంచే ఇచ్చింది. పైగా బలహీనమైన ప్రాసెసర్లతో ఆ కార్డు మరింత వెనకబడుతుందని సమీక్షల్లో తేలింది. ఇవన్నీ కలిపి చూస్తే మన నమూనా పీసీకి 16 జీబీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ మొదటి ఎంపిక, ఎన్‌విడియా అప్‌స్కేలింగ్ సాంకేతికత డీఎల్‌ఎస్‌ఎస్ కావాలనుకునేవారికి 16 జీబీ ఆర్‌టీఎక్స్ 5060 టీఐ రెండో ఎంపిక అని నా తీర్పు. బ్లెండర్ వంటి వృత్తిపరమైన పనులు కూడా చేసేవారికి ఈ వరుస మారి, ఎన్‌విడియా ముందుకొస్తుంది.

ఎస్‌ఎంపీఎస్: లేబుల్ చదవడం

క్యాబినెట్ పక్క తలుపు తీసి ఎస్‌ఎంపీఎస్ లేబుల్‌ను ఫొటో తీసుకోండి. దాని మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్ల కన్నా చిన్న పట్టికలో ప్లస్ 12 వోల్టుల గడి ముఖ్యం. అక్కడ 36 ఆంపియర్లు అని ఉంటే 12ను 36తో గుణించాలి; 432 వాట్లు వస్తుంది. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ ప్రధానంగా తీసుకునేది ఈ 432 నుంచే. పైన 450 అని రాసి, 12 వోల్టుల గడిలో 300 వాట్లు కూడా తేలని నాసిరకం ఎస్‌ఎంపీఎస్‌ల మీద కొత్త కార్డును ఆధారపెట్టడం క్షేమం కాదు.

నమూనా పీసీ లెక్క వేద్దాం. 16 జీబీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 160 వాట్లు తీసుకుంటుంది. పాత జీటీఎక్స్ 1060 తీసుకునే 120 వాట్ల కంటే ఇది 40 మాత్రమే ఎక్కువ. 65 వాట్ల రైజెన్ ప్రాసెసర్ పూర్తి భారంలో 88 వాట్ల వరకు వెళ్తుంది. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు 50 వేసుకున్నా మొత్తం 300 దాటదు. కాబట్టి నాణ్యమైన 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉంటే మార్చనక్కరలేదు. 5060 టీఐకి 180 వాట్లు, ఆర్‌ఎక్స్ 9070కి 220, ఆర్‌టీఎక్స్ 5070కి 250, ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీకి 304 వాట్లు కావాలి. ఈ పై మెట్టుకు వెళ్లేవారు 650 లేదా 750 వాట్ల కొత్త ఎస్‌ఎంపీఎస్‌ను ఖర్చులో చేర్చుకోవాలి. ఆధునిక కార్డులు లిప్తపాటు తమ రేటింగు కంటే చాలా ఎక్కువ లాగుతాయి కనుక, అలాంటి ఉద్ధృతులను తట్టుకునేలా రూపొందిన ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 రకం తీసుకోవడం ఉత్తమం.

కేబుళ్ల విషయంలో రెండు నియమాలను గట్టిగా పాటించాలి. సాటా కేబుల్‌ను 8 పిన్‌గా మార్చే అడాప్టర్‌ను వాడకూడదు: సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద 54 వాట్లకే తగినది, 8 పిన్ కనెక్టర్ 150 వాట్లు అందించాలి, తేడా వేడిగా మారి ప్లాస్టిక్ కరుగుతుంది. రెండోది, మాడ్యులర్ (కేబుళ్లను విడిగా ఊడదీయగలిగే) ఎస్‌ఎంపీఎస్ అయితే దానితో వచ్చిన కేబుళ్లనే వాడాలి. కనెక్టర్ ఆకారం ఒకటే అయినా ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్‌ల అమరిక కంపెనీకో విధంగా ఉంటుంది. వేరేది గుచ్చితే కార్డో ఎస్‌ఎస్‌డీయో కాలిపోవచ్చు.

మన ఇళ్లలో యూపీఎస్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. సాధారణ 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగేది సుమారు 360 వాట్లు. ఎస్‌ఎంపీఎస్ గోడ నుంచి తీసుకునేది లోపల అందించేదాని కంటే ఎక్కువ, దానికి మానిటర్ కూడా తోడవుతుంది. అందువల్ల ఆట మధ్యలో కరెంటు పోయిన క్షణంలోనే యూపీఎస్ చేతులెత్తేసే అవకాశం ఉంది. పెద్ద కార్డు పెట్టేవారు 1000 వీఏ లేదా అంతకు పైది చూసుకోవాలి.

క్యాబినెట్‌కు టేపు పెట్టి కొలవడం రెండు నిమిషాల పని. వెనక స్లాట్ల రేకు నుంచి ముందు ఫ్యాను వరకు ఉన్న దూరాన్ని కొలిచి, కార్డు పొడవుతో పోల్చుకోవాలి. రెండున్నర, మూడు స్లాట్ల మందం ఉన్న కార్డులు కింది స్లాట్లను, కొన్నిసార్లు సాటా పోర్టులను కప్పేస్తాయి. మీ మానిటర్‌కు వీజీఏ లేదా డీవీఐ మాత్రమే ఉంటే కొత్త కార్డులకు నేరుగా తగిలించలేరు. వాటికి హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్టు మాత్రమే ఉంటాయి.

కొనేటప్పుడు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గానీ, ఆన్‌లైన్‌లో గానీ, ఎక్కడ కొన్నా జీఎస్‌టీ బిల్లు లేకుండా తీసుకోవద్దు. 18 శాతం పన్ను మిగులుతుందని బిల్లు వదులుకుంటే, రెండేళ్ల తరువాత ఫ్యాను ఆగినప్పుడు వారంటీకి ఆధారం ఉండదు. పెట్టె మీది సీరియల్ నంబరు, కార్డు మీది నంబరు, బిల్లులోని నంబరు మూడూ ఒకటేనని అక్కడే సరిచూసుకోవాలి. ఆన్‌లైన్ అయితే పెట్టె తెరవడాన్ని మొదటి నుంచి వీడియో తీసుకోవాలి. అమెరికాలో ఉన్న బంధువుల చేత తెప్పించుకునేవారు ఆ బ్రాండ్ వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. కొన్ని కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం. ఒకే చిప్‌తో వచ్చే ఖరీదైన ఓవర్‌క్లాక్ మోడళ్లకు అదనంగా పెట్టే డబ్బు రెండు మూడు ఫ్రేములకు మించి తేదు.

పాతది తీసి కొత్తది బిగించడం

పాత కార్డు ఇంకా పనిచేస్తుండగానే విండోస్‌లో కొంత పని ఉంది. కొత్త కార్డు డ్రైవర్‌ను తయారీదారు వెబ్‌సైటు నుంచి దించి పెట్టుకోండి. డిస్క్‌కు బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉంటే దాని రికవరీ కీని ఫోన్‌లోనో కాగితం మీదో భద్రపరచుకోండి. బయోస్‌లో మార్పులు చేశాక విండోస్ దాన్ని అడిగే అవకాశం ఉంది. ఎన్‌విడియా నుంచి ఏఎండీకి మారుతున్నట్లయితే ఇంటర్నెట్ కేబుల్ తీసేసి, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్‌తో పాత డ్రైవర్‌ను పూర్తిగా తుడిచి, పీసీని ఆపేయాలి. ఒకే కంపెనీ కార్డు అయితే కొత్త డ్రైవర్ వేసేటప్పుడు క్లీన్ ఇన్‌స్టాల్ ఎంచుకుంటే సాధారణంగా సరిపోతుంది.

తరువాత ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, పవర్ బటన్‌ను పది సెకన్ల పాటు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన ఛార్జి పోతుంది. క్యాబినెట్‌ను పడుకోబెట్టి, పెయింట్ లేని లోహ భాగాన్ని తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకోవాలి. కార్డుకున్న పవర్ కనెక్టర్‌ను దాని గొళ్లెం నొక్కుతూ లాగాలి, వైర్లను పట్టుకొని లాగకూడదు. వెనక రేకు స్క్రూలు తీసిన తరువాత స్లాట్ చివర ఉన్న చిన్న ప్లాస్టిక్ గొళ్లేన్ని కిందికి నొక్కి, కార్డును నిటారుగా పైకెత్తాలి. పెద్ద కూలర్ అడ్డొచ్చి వేలు ఆ గొళ్లేన్ని అందుకోలేనప్పుడు ప్లాస్టిక్ స్కేలు చివరతో నొక్కండి. స్క్రూడ్రైవర్ జారితే బోర్డు మీది సన్నని గీతలు తెగిపోతాయి.

కొత్త కార్డును ప్రాసెసర్‌కు దగ్గరగా ఉన్న పై స్లాట్‌లోనే పెట్టాలి. కింద అంతే పొడవున్న మరో స్లాట్ కనిపించినా బీ450 బోర్డుల్లో సాధారణంగా దానికి 4 లేన్లే ఉంటాయి. రెండు చివర్లా సమంగా ఒత్తితే గొళ్లెం టక్కుమంటుంది. స్క్రూలు బిగించిన తరువాతే పవర్ కేబుల్ తగిలించాలి. 6, 2 పిన్‌లుగా విడిపోయే కనెక్టర్‌ను జతచేసి పట్టుకొని, సందు కనిపించకుండా పూర్తిగా లోపలికి నెట్టాలి. రెండు 8 పిన్‌లు అడిగే కార్డుకు ఒకే కేబుల్‌కున్న రెండు తలలు కాకుండా రెండు వేర్వేరు కేబుళ్లు వాడాలి. 16 పిన్ కనెక్టర్ ఉన్న కార్డులకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి: 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కనెక్టర్లు కరిగిన ఉదంతాల్లో పూర్తిగా లోపలికి దిగకపోవడం ఒక ప్రధాన కారణంగా బయటపడింది. కార్డు బరువుకు వంగుతుంటే కింద ఆధారం పెట్టండి.

మానిటర్ కేబుల్‌ను కార్డుకే తగిలించాలి. బోర్డు పోర్టుకు తగిలించి, తెర రాలేదని కంగారుపడేవారు తక్కువేమీ కాదు.

తెర వెలగకపోతే కార్డు పాడైందన్న నిర్ణయానికి వెంటనే రావద్దు. ముందు పవర్ కనెక్టర్‌ను, స్లాట్‌లో కార్డు కూర్చున్న తీరును మళ్లీ చూడాలి. మానిటర్ సరైన ఇన్‌పుట్‌లో ఉందేమో గమనించాలి. మరో కేబుల్ ప్రయత్నించాలి. బోర్డు మీద చిన్న సూచిక దీపాలుంటే వీజీఏ, డీర్యామ్ వంటి పేర్ల పక్కన ఏది వెలుగుతోందో చూస్తే ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. అప్పటికీ రాకపోతే పాత కార్డు పెట్టి, బయోస్ అప్‌డేట్ చేసి, మళ్లీ ప్రయత్నించాలి.

బయోస్, డ్రైవర్, పరీక్ష

డ్రైవర్ వేశాక, మీ ప్రాసెసర్, బోర్డు మద్దతిస్తే, బయోస్‌లోకి వెళ్లి అబవ్ 4జీ డీకోడింగ్, రీసైజబుల్ బార్ ఆన్ చేయాలి. ఇందుకు సీఎస్‌ఎం (పాత లెగసీ బూట్ పద్ధతికి వీలిచ్చే సెట్టింగు) ఆపవలసి ఉంటుంది. పాత విండోస్ లెగసీ పద్ధతిలో ఇన్‌స్టాల్ అయి ఉంటే సీఎస్‌ఎం ఆపగానే అది బూట్ కాదు. అందుకే ముందుగా విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి బయోస్ మోడ్ ఎదుట యూఈఎఫ్‌ఐ అని ఉందో, లెగసీ అని ఉందో చూడండి. లెగసీ అయితే ముఖ్యమైన ఫైళ్లు బయట దాచుకొని, విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ సాధనంతో డిస్క్‌ను మార్చిన తరువాతే ముందుకు వెళ్లాలి. సెక్యూర్ బూట్ కోరే ‘బ్యాటిల్‌ఫీల్డ్ 6’ వంటి ఆటలకు కూడా ఈ మార్పు అవసరమే.

తరువాత జీపీయూ-జడ్ అనే చిన్న ప్రోగ్రాము తెరిచి, బస్ ఇంటర్‌ఫేస్ గడి పక్కనున్న ప్రశ్నార్థకాన్ని నొక్కి, భారం పెట్టే పరీక్షను నడిపి, ఎన్ని లేన్లు నడుస్తున్నాయో చూడాలి. నమూనా పీసీలో 9060 ఎక్స్‌టీకి 3.0 వేగంతో 16 లేన్లు కనిపించాలి. 8 గానీ 4 గానీ కనిపిస్తే కార్డు సరిగా కూర్చోలేదనో, వేరే స్లాట్‌లో ఉందనో అర్థం. ఆ తరువాత ఒక బరువైన ఆటను అరగంట ఆడి ఉష్ణోగ్రతలు చూడండి. చిప్ 80 డిగ్రీల లోపు ఉంటే నిశ్చింత. హాట్‌స్పాట్ (చిప్‌లో అత్యంత వేడిగా ఉన్న చోటు) అంకె దానికంటే 15, 20 డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలే. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటు మీ మానిటర్ సామర్థ్యానికి సరిపోయిందో లేదో కూడా చూడాలి. 144 హెర్ట్జ్ మానిటర్లు 60 దగ్గరే ఉండిపోవడం తరచుగా జరుగుతుంది.

ఆటల్లో అప్‌స్కేలింగ్‌కు (తక్కువ రిజల్యూషన్‌లో గీసిన చిత్రాన్ని పెంచి చూపడానికి) సందేహించనక్కరలేదు. ఆర్‌టీఎక్స్ కార్డుల్లో డీఎల్‌ఎస్‌ఎస్ 4, ఆర్‌ఎక్స్ 9000 సిరీస్‌లో ఎఫ్‌ఎస్‌ఆర్ 4 క్వాలిటీ స్థాయిలో ఇచ్చే చిత్రం చాలా బాగుంటుంది. ఫ్రేమ్ జనరేషన్ విషయం వేరు. అది మధ్యలో కల్పిత ఫ్రేములు చొప్పించి కదలికను నునుపుగా చూపిస్తుంది గానీ, మౌస్ కదిపినప్పుడు ఆట స్పందించే వేగాన్ని పెంచదు, పైగా కొంత ఆలస్యాన్ని కలుపుతుంది. అది లేకుండానే 60 ఫ్రేములు వస్తున్నప్పుడే ఆన్ చేసుకోండి. 30ని 60గా చూపించుకోవడానికి వాడితే చేతికి బరువుగా తగులుతుంది.

విజయవాడ, రామగుండం వంటి చోట్ల ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో ఆడేవారికి ఇంకొక సర్దుబాటు అవసరమవుతుంది. గది గాలే 40 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఏ ఫ్యానూ కార్డును అంతకంటే చల్లబరచలేదు. డ్రైవర్ ప్యానెల్‌లో గానీ, ఆఫ్టర్‌బర్నర్‌లో గానీ పవర్ లిమిట్‌ను మీ కార్డు అనుమతించినంత మేరకు 10, 15 శాతం తగ్గిస్తే ఫ్రేములు కొద్దిగానే తగ్గుతాయి, వేడి, ఫ్యాన్ల మోత మాత్రం చెప్పుకోదగినంత దిగుతాయి. ముందు ఫ్యాన్ల జాలీకి పట్టిన దుమ్మును నెలకోసారి బ్రష్‌తో దులిపి, వానలు పడ్డాక పవర్ లిమిట్‌ను తిరిగి 100 శాతానికి పెట్టుకోవచ్చు.